ఖాళీ మనిషికి తీరికేదీ

బెంగాల్లో, సాల్ట్ లేక్ ఆఫీసుల్లో నా ఉద్యోగం పోయిన మొదటి వారం మా మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ జాలిపడ్డారు. రెండో వారానికి జాలి అయిపోయి పనులు చెప్పడం మొదలుపెట్టారు. టికియాపారా పేటలో మాది నాలుగంతస్తుల పాత ఇల్లు, ఎనిమిది కుటుంబాలు. "నువ్వు ఖాళీయే కదా" అంటూ ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. వాళ్ళ చేతిలో ఏదో ఒక కాగితం ఉండేది.

ఆ రోజుల్లో నేను కనిపెట్టిన ఆర్థికశాస్త్రం ఇది: ఉద్యోగం ఉన్న మనిషి గంటకి వెల ఉంటుంది, లేని మనిషి గంట ఊరుమ్మడి సొత్తు. కంపెనీల దగ్గర నా విలువ సున్నాకి పడిపోయినప్పుడే మెట్ల మీద గిరాకీ తెగ పెరిగింది. అందరికంటే పెద్ద కస్టమరు పై అంతస్తు పిన్ని. సొంత పిన్ని కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న ఆవిడ మా అందరికీ పిన్నే. ఆవిడ గ్యాసు బుకింగు, ఆధార్‌లో తప్పు, పెన్షన్ కోసం బ్యాంకు, పళ్ళ డాక్టరు దగ్గర వరస, అన్నీ నావే. ఓసారి ఇంటర్వ్యూ ఉందంటే, "రేపటికి మార్సమని సెప్పే, నా పన్ను ఆగదు" అంది. సిగ్గులేకుండా మార్చమని అడిగాను. వాళ్ళు రోజు మార్చలేదు, మనిషిని మార్చుకున్నారు.

ఎనిమిదో నెలలో ఒక కంపెనీ నన్ను దాదాపు ఖాయం చేసింది. ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగితే ఖాళీగా ఉన్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట అంటే నన్ను నేనే తిట్టుకున్నట్టుండేది. "ఇళ్ళకి సేవలందించే సొంత పని చేస్తున్నానండీ" అన్నాను. వాళ్ళు సంతోషించి, ఇంటికి ఒక మనిషిని పంపి పొరుగువాళ్ళని అడుగుతామన్నారు. ఆ సాక్ష్యం తేడా వస్తే ఉద్యోగం లేదు. పిన్నిని తప్ప ఇంకెవరిని చూపిస్తాను?

వచ్చినాయన బెంగాలీ. పిన్ని ఆయన్ని కూర్చోబెట్టి నన్ను తన వంటింట్లోకి టీ పెట్టడానికి తోలింది. నేను అల్లం దంచుతుంటే ఆయన అడిగాడు, ఈ అమ్మాయి ఏం చేస్తుందని.

"కిచ్ఛు కొరే నా" అంది పిన్ని. ఏమీ చెయ్యదు, అని. అది చాలనట్టు తెలుగులో ఒక నిట్టూర్పు కూడా: "ఎనిమిది నెల్లయి ఇంట్లో ఖాళీగా కూకుంది, పాపం."

నాకు ఒళ్ళు మండిపోయింది. కప్పులు ఆవిడ ముందు ఠపీమని పెట్టి, "ఖాళీగానా పిన్నీ? అయితే రేపట్నుంచి మీ బ్యాంకుకి మీరే వెళ్ళండి" అని అరిచాను.

పిన్ని అదిరిపడింది. "ఏటే, అలాగంటావేటి? నా పెన్షన్ కాయితం ఎవులు తీసుకెల్తారు? గ్యాసు బుకింగెవులు సేస్తారు? ఆధార్, డాక్టరు, కరెంటు బిల్లు..."

ఆయనకి తెలుగు రాదు. కానీ పెన్షన్, గ్యాసు, ఆధార్, బిల్లు అర్థం కావడానికి తెలుగు అక్కర్లేదు కదా. వరసగా రాసుకుని, "సొంత పని ఉన్నమాట నిజమే దీదీ, కస్టమర్లు మిమ్మల్ని వదిలేలా లేరు" అని నవ్వాడు. ఉద్యోగం దక్కిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

కోపం మాత్రం దిగలేదు. ఇన్ని పనులు చేయించుకుని అంత మాట ఎలా అన్నారని పిన్నిని దులిపేస్తూనే ఉన్నాను. ఆ అరుపులు విని అమ్మ పైకి వచ్చింది, చేతులకి గోధుమపిండి అలాగే ఉంది. ఆయన లేవబోతూ, నేను నింపిన దరఖాస్తు ఒకసారి సరిచూసుకుందామని పైకి చదివాడు. పేరు, చిరునామా సరిపోయాయి. నాన్న రైల్వేలో రిటైరయ్యారు, అదీ సరే. తర్వాతి గడి దగ్గర ఆగి అమ్మ వైపు చూశాడు.

"తల్లి: ఏమీ చేయరు. ఇది కరెక్టే కదా, దీదీ?"

పిన్ని టీ తాగడం ఆపింది. ఆ మాట రాసింది నేనే. కాదండీ, దిద్దుతాను, పెన్నివ్వండి అన్నాను.

"ఉండనీయే, ఆ గడిలో పట్టదు" అని అమ్మ కిందికి వెళ్ళిపోయింది.