మూల మడిచిన చోట ఆగిన చదువు

ఇది రాసిపెట్టడానికి కారణం, పోయిన వారం మా కవిటి లైబ్రరీలో పాత పుస్తకాలు వేరు చేస్తుంటే నా చేతికొచ్చిన ఇస్లాం ధర్మవిధుల పుస్తకం. ఉపవాసాల అధ్యాయంలో ఇరవై ఏళ్ళ కిందట నేను మడిచిన మూల అలాగే ఉంది. రాయకపోతే, తప్పు పుస్తకానిదేనని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాటే మిగిలిపోతుంది.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. మిగతా చదువంతా ఆ లైబ్రరీ బల్ల మీదే. ఏ మతం సంగతైనా అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి. ఎక్కువగా దొరికిపోయేది బజారులో కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు మావ. చుట్టరికం లేదు, చొక్కాలు కుట్టించుకుంటూ కలుపుకున్న వరస. కాజాలు కుడుతూ కళ్ళజోడు మీదుగా చూసి, "మా మతం మాకంటే నీకే బాగా తెలిసిపోనాదిరా అల్లుడా" అని నవ్వేవాడు. నేను దాన్ని బిరుదులాగే తీసుకున్నాను.

మా వైపు చాలామందికి వచ్చినట్టే మావకీ కిడ్నీలు పాడయ్యాయి. మందులతో నెట్టుకురావడమే గాని నయం కాదని, దాహానికి ఆగొద్దని డాక్టరు చెప్పాడు. ఆ చలికాలం రంజానులో మావ ఉపవాసాలు మానేశాడు. మానేసిన ముప్పై రోజుల బెంగ మాత్రం పట్టుకుంది. టెక్కలి మసీదులో ధర్మశాస్త్రం చదివిన పెద్దాయన ఉండేవారు, హజ్రత్ అనేవారు. వెళ్ళి ఆయన్ని ఓసారి అడిగొస్తానన్నాడు.

నేను అప్పటికే పుస్తకం చూశాను. కావలసింది దొరికిందని మూల మడిచి మూసేశాను కూడా.

"అంత దూరం ఏటికి మావా? రోగమొచ్చి మానేత్తే, మళ్ళీ రంజాను లోపల అన్ని రోజులూ ఉండి తీర్సాలి. ఆయనైనా ఇదే సెప్తాడు."

మావ వెళ్ళలేదు. ఒంట్లో కాస్త తేరుకున్నట్టు అనిపించగానే, ఎండలు ముదిరాక మొదలుపెట్టాడు. కొబ్బరితోటల నీడలో ఉండి కూడా మేమంతా చెంబులు ఖాళీ చేస్తుంటే, ఆయన నోట తడిపి ఎక్కించే దారాన్ని పొడిగానే సూదిలోకి పెట్టబోయి నాలుగైదుసార్లు తప్పేవాడు. నువ్వు చెబితే వింటాడు, ఆపమని ఆయన భార్య, మా అత్త, నన్ను అడిగింది. పుస్తకంలో ఉన్నదాన్ని నేనెలా కాదంటానన్నాను.

పంతొమ్మిది ఉపవాసాలు ముగించి, ఇరవయ్యో రోజున మిషను మీదే ఒరిగిపోయాడు. విశాఖ తీసుకెళ్ళాం. వానలు పడకముందే పోయాడు.

పరామర్శకు హజ్రత్ వచ్చారు. మిగిలిపోయిన పదకొండు రోజులకు ఏం చేయాలని అత్త అడిగింది. ఆయన ఇలా అన్నారు.

"తిరిగి ఉపవాసాలుండడం నయమయ్యే రోగానికమ్మా. నయం కానిదానికి రోజుకో బీదవాడికి అన్నం పెడితే చాలు. నన్నొక్క మాట అడగవలసింది."

అత్త నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆ రోగం ఎలాగూ దక్కనిచ్చేది కాదని ఊళ్ళో అన్నారు. నేను మాత్రం పుస్తకంలో హజ్రత్ చెప్పిన మాట లేదన్న ధైర్యంతో బతికాను. పోయిన వారం పేజీ తిప్పితే, అవతలి వైపు మొదటి వరుసలోనే ఉంది.

ఈ పుస్తకాన్ని పాత కాగితాల్లో పడేయకుండా నాకిచ్చిన లైబ్రేరియన్‌గారికి కృతజ్ఞతలు. ఏ నెలలో ఏం జరిగిందో గుర్తుచేసి, "రాయిరా, ఈపాలైనా పూర్తిగా సదివి రాయి" అన్న అత్తకు కూడా. హజ్రత్‌గారికి చెప్పుకోవడానికి ఆయనా లేరు. ఒక్క పేజీ తిప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.