మూడో పిలుపు

జాన్‌బీది మంచి గొంతని ఉదయగిరిలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. పాట రాదు, మాట తక్కువ. నాయన చెక్క గరిటెలు చెక్కుతుంటే పక్కన కూర్చుని వాటికి నునుపు పట్టడం ఒక్కటే ఆమెకు తెలిసిన పని. అలాంటి మనిషి గొంతు విని ఆత్మకూరులో మీసాలున్న మొగాళ్లు కూడా ఒంటరిగా ఇంటికి పోవడానికి జంకే రోజులు వచ్చాయి. అలా వచ్చిన పేరు ఆమెకు కలిసిరాలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో శెనక్కాయల వ్యాపారి శీనయ్య శెట్టి ఆత్మకూరులో డేరా వేసి టూరింగ్ టాకీసు పెట్టాడు. అందులో మిషను నడిపే ఆపరేటరు జాన్‌బీ మొగుడు వలి. పెద్ద బొమ్మకు ముందు వేసుకోమని మద్రాసులో ఎవరో శెట్టికి ఒక చిన్న దెయ్యం బొమ్మ అంటగట్టారు. ఇల్లాలు ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, దీపం రెపరెపలాడుతుంది, తలుపు తోసుకుని దెయ్యం వస్తుంది. కథంతా అంతే. వానకు తడిసి దాని సౌండు పాడైపోయింది. దెయ్యం చూడబోతే మొహానికి పిండి పూసుకున్న మనిషి. మొదటి ఆటకే నేల టిక్కెట్టు జనం విరగబడి నవ్వారు. "ఒరే, పిండిమరలోంచి లేచొచ్చినాడ్రా" అని ఎవడో అరిచాడు. శెట్టికి తల కొట్టేసినట్టయింది. ఆ బొమ్మ సంగతి చూస్తావా, వేరే ఆపరేటరును చూసుకోమంటావా అని వలిని అడిగి పోయాడు.

వలి మిషను పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు.

"దాన్ని చూపించబాక" అంది జాన్‌బీ.

"దేన్ని?"

"దెయ్యాన్ని. తలుపు చూపించు, ఆయమ్మ మొహం చూపించు. చాలు."

"దెయ్యం బొమ్మలో దెయ్యం లేకపోతే ఎట్టా?"

"నువ్వు ఎన్నడన్నా దెయ్యాన్ని చూసినావా? చూడకనే గదా పెరట్లోకి పోవాలంటే నన్ను తోడు పిలస్తావు."

వలికి రోషం వచ్చింది గానీ మాట మనసుకు పట్టింది. కత్తెరతో పిండిమొహాన్ని మొత్తం తీసేసి తలుపు ముక్కకు ఇల్లాలి మొహాన్ని అతికించాడు. ఇప్పుడు తలుపు కదులుతుంది, వెంటనే దగ్గరగా ఆమె కళ్లు కనిపిస్తాయి, అవి పెద్దవవుతాయి. నడుమ ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోట ఎవరి దెయ్యాన్ని వాళ్లు పెట్టుకోవచ్చు. సౌండు పెట్టె కట్టేసి, ఆ కాసేపూ తెర వెనక జాన్‌బీని కూర్చోబెట్టాడు. రెండు గరిటె కాడల్ని ఒకదానితో ఒకటి ఒత్తి రాపాడిస్తే తలుపు కిర్రుమన్నట్టే వినిపించేది. ఆ తర్వాత ఆమె పిలిచేది.

"అమ్మా, తలుపు తియ్యి."

ఆ వైపు ఊళ్లలో చీకటి పడ్డాక బయటినుంచి ఎవరైనా పిలిస్తే వెంటనే పలకరు. దెయ్యం మనకు తెలిసిన గొంతుతోనే పిలుస్తుందట, కానీ రెండుసార్లకు మించి పిలవలేదట. మూడోసారి కూడా పిలిస్తే మనిషని నమ్మి తలుపు తీస్తారు. హిందువుల ఇళ్లలోనూ అంతే, సాయెబుల ఇళ్లలోనూ అంతే. మతం అడిగి పిలిచే దెయ్యం ఇంకా పుట్టలేదు. జాన్‌బీ చిన్నప్పటినుంచీ ఈ భయంతోనే పెరిగింది కాబట్టి రెండుసార్లు పిలిచి ఆగిపోయేది. డేరా అంతా మూడో పిలుపు కోసం చెవులు రిక్కించేది. అది రాదు. తలుపు వైపు చూస్తున్న ఇల్లాలి కళ్ల మీదే బొమ్మ అయిపోయేది.

మర్రిపాడు నుంచి లారీలెక్కి మరీ వచ్చారు జనం. శెట్టి మొహం విప్పారింది. "బీబమ్మా, ఎవరు చెప్పినా మూడోసారి మాత్రం పిలవబాక. మన గిరాకీ అంతా అందులోనే ఉండాది" అన్నాడు.

తెరకు ఒక మూల చిన్న చిరుగు ఉండేది. అందులోంచి చూస్తే ముందు వరస మొహాలు కనిపిస్తాయి. అక్కడ రోజూ ఒక పెద్దావిడ కూర్చునేది. పేరు ఆదిశేషమ్మ, ఊరి చివర ఇల్లు, కూలి పని. ఆమె బొమ్మ చూసేది కాదు. కళ్లు మూసుకుని వినేది. రెండో పిలుపు అయ్యాక గుండె మీద చెయ్యి వేసుకుని బొమ్మ ముగిసేదాకా కదలకుండా ఉండేది. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, పెద్ద బొమ్మ చూడకుండానే లేచి పోయేది. రోజంతా ఎండలో కష్టపడిన మనిషి ఇంత మాత్రానికి టిక్కెట్టు కొనడమేమిటని జాన్‌బీకి ఆరాటం పట్టుకుంది. ఒకనాటి సాయంత్రం డేరా బయట ఆమె కనిపిస్తే పలకరించింది.

"అవ్వా, రోజూ వస్తావే. అంత భయం బొమ్మ నీకెందుకు?"

"నా బిడ్డ కామమ్మను చేజర్లలో ఇచ్చినా" అంది ఆదిశేషమ్మ. "కలరా వచ్చిన ఏడు ఒక రాత్రి మా వాకిట్లో పిలుపు. అమ్మా, తలుపు తియ్యి అని. దాని గొంతే. లేచి గడియ మీద చెయ్యేసినా. మా అత్త నా చెయ్యి పట్టుకుని, మూడోసారి పిలవనియ్యే అనింది. ఇంకోసారి పిలిచింది. మళ్లా పిలవలా. తెల్లారి వంక గట్టున పడి ఉండాదని చెప్పినారు. కలరా తగిలిందని బండివాడు ఊరి బయటే దింపేసి పోయినాడంట. ఇంటిదాకా వచ్చి మళ్లుకునిందో, రాకుండానే పానం పోయిందో ఎవురికి తెలుసు బీబమ్మా."

జాన్‌బీ, ఆ తల్లి మూడో పిలుపు కోసమే వస్తోందని, దాన్ని తానే ప్రతి ఆటకూ గొంతులోనే నొక్కేస్తున్నానని అనుకుంది. ఆ మాట ఆదిశేషమ్మను అడిగి తెలుసుకోవాలని తోచలేదు. ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది.

"ఒక్క ఆటకు పిలస్తాను."

"శెట్టి ఊరుకోడు. మన పొట్ట మీద కొట్టబాక" అన్నాడు వలి.

ఆ తర్వాత జాన్‌బీకి ముద్ద దిగలేదు. తెర వెనక కూర్చుంటే చాలు, చిరుగులోంచి ఆ మూసిన కళ్లు కనిపించేవి. పిలిస్తే వలి పని పోతుంది. పిలవకపోతే ఆ తల్లి ఇంకెన్ని ఆటలు ఇలా వచ్చి కూర్చుంటుందో తెలియదు. దేవుడా, ఇదేం గొంతు ఇచ్చావు అని ఏడ్చుకుంది. చివరికి శుక్రవారం మొదటి ఆటలో, రెండు పిలుపులూ అయ్యి డేరా అంతా ఊపిరి బిగబట్టినప్పుడు, ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. చేజర్ల దారిన ఒళ్లు ఉడిగి వచ్చిన పిల్ల ఎలా పిలిచి ఉంటుందో అలాగే, బాగా ఆగి, సన్నగా పిలిచింది.

"అమ్మా."

ఆ తర్వాత ఎవడో, "మనిషేరా" అన్నాడు. డేరా అంతా ఒక్కసారి తేలికపడి నవ్వింది. "మూడోసారి పిలిచింది, మనిషే. తియ్యమ్మా తలుపు, పాపం" అని ఆడవాళ్లు తెరమీది ఇల్లాలితో చెప్పారు. మిషను పక్కన వలి నెత్తి కొట్టుకున్నాడు.

పెద్ద బొమ్మ మొదలవుతుండగా ఆదిశేషమ్మ డేరా గుడ్డ పైకెత్తి తెర వెనక్కి వచ్చింది. జాన్‌బీ ఆశగా లేచి ఎదురు పోయింది. ఆదిశేషమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎందుకు పిలిచినావు?" అంది.

"నీకోసమే అవ్వా. నువ్వు వినాలని."

"మూడోసారి పిలవదని వినేదానికే గదా నేను రోజూ వచ్చేది. రెండుసార్లే పిలిచింది, దెయ్యమే, నా బిడ్డ కాదు అనుకుని ఇన్నేండ్లూ ఇంత అన్నం తిన్నా. ఇంతమంది దెయ్యమే అని జడుసుకుంటుంటే విని, పోయి కాసేపు నిద్రపోతాండినా." ఆమె తెర వైపు తిరిగింది. "అంత సన్నంగా పిలిస్తే లోపలికి వినపడతాదా? ఆ రాత్రి కూడా అట్నే పిలిచిందేమో. నాకే వినపళ్లేదేమో."

జాన్‌బీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "కామమ్మ కాదవ్వా. పిలిచింది నేను. నేనే పిలిచినా."

"పిలిచింది నువ్వేలే తల్లీ" అంది ఆదిశేషమ్మ. "తలుపు తియ్యనిది నేను గదా."