డొల్ల స్తంభం

2008 వానాకాలం. జగిత్యాలలో నేను నక్షా గీసి కట్టించిన ప్రభుత్వ కార్యాలయాన్ని అప్పుడే తెరిచారు. ముందు నాలుగు లావు స్తంభాలు, వాటి నెత్తిన త్రికోణపు గోడ, దాన్ని మేం పెడిమెంట్ అంటాం. కింద పదకొండు మెట్లు చాలు. "జనం తలెత్తి చూడాలె, సర్కారంటే ఏందో తెల్వాలె" అని పెద్ద అధికారి అన్నాడు. నేనేం తక్కువ తిన్నానా? అడగకపోయినా ఇంకో మూడు మెట్లు పెంచాను.

పోర్టికోలో, అంటే ఆ స్తంభాల వరండాలో, నీళ్లు కారుతున్నాయంటే చూడ్డానికి వెళ్లాను. మొదటి మెట్టు కింద ఒకామె చెప్పులు విడిచి, ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కూర్చుంది. నిన్న కూడా పొద్దంతా అక్కడే ఉందని మా మేస్త్రీ చెప్పాడు.

"ఏ ఊరక్కా? ఎవరి కోసం?"

"మేడిపల్లి సారూ, నా పేరు రాజవ్వ. మా ఆయన దుబాయిల సచ్చిపోయిండు. పది దినాలైంది. ఈడ సంతకమైతేనే శవాన్ని పంపుతరట."

"మరి లోపలికి పోలే?"

"గింత పెద్ద దాంట్లకు పిలువకుంట ఎట్ల పోతం? పిలుస్తరని చూస్తున్న."

ఆమె వచ్చినట్టు లోపల ఎవరికి తెలుసు, పిలవడానికి! నాకు ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు, నా మీదే. వెంటబెట్టుకుని మెట్లెక్కించాను. పైదాకా వచ్చి స్తంభం పక్కన ఆగిపోయింది.

"భయమైతుంది సారూ."

నేను స్తంభాన్ని వేళ్లతో డబడబా కొట్టాను. "గిది డొల్ల అక్కా. ఇనుప జాలీ కట్టి సిమెంటు పూసినం. పైగోడను ఎనుక దూలాలు మోస్తయి, దీని మీద బరువేం లేదు, ఊకె షోకుకు."

ఆమె నమ్మలేదు. తనే కొట్టి చూసింది. "అయ్యో, మా వడ్ల గుమ్మి లెక్కనే ఉన్నది!" అంది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంలో చిన్న నవ్వు కనబడింది. కిందికి దిగి, చెప్పులు తొడుక్కుని, మళ్లీ ఎక్కి లోపలికి నడిచింది.

సంతకానికి పది నిమిషాలు పట్టింది. రెండు రోజులు నా మెట్లు మింగాయి.

ఆ తర్వాత నేను గీసిన ప్రతి ఆఫీసుకూ, అధికారులతో కొట్లాడైనా సరే, నేలకు సమానంగా ఒక గుమ్మం పెట్టిస్తున్నాను. గోడ ఎంత బరువు మోస్తుందో లెక్కేయడం చదువులో నేర్చుకున్నా. ఆ గోడ మనిషి మీద ఎంత బరువు వేస్తుందో రాజవ్వ వల్లే తెలిసింది.

కొన్ని నెలలకు ఆ జగిత్యాల ఆఫీసు దగ్గరే ఆమె మళ్లీ కనిపించింది. గల్ఫులో మొగుడి జాడ తెలియని ఇంకో ఆడమనిషిని తోడు తెచ్చింది. ఆ మనిషి పైమెట్టు మీద ఆగిపోయింది. రాజవ్వ స్తంభాన్ని ఒక్కటి కొట్టి అంది:

"గిది డొల్లనే. నడువు."