చివరి మనిషి వచ్చేదాకా

లోజేర్ కొండ మీద పదకొండు గడపల పల్లె అది. మంచుతుఫాను పట్టిందంటే చాపిన చేతి వేళ్లు కనపడవు. అప్పుడు చిన్న రాతిగోపురంలో గంట కొడతారు. దారి తప్పినవాడు ఆ చప్పుడు పట్టుకుని ఇల్లు చేరతాడు. నలభై ఏళ్లుగా ఆ గంట తాడు ముసలి సిడోనీ చేతిలోనే ఉంది.

ఆ ఏడు గోపురం ఒక పక్కకి ఒరిగింది. చూడ్డానికి జనం వస్తేనే బాగుచేయిస్తామనీ, లేకపోతే చలికాలం లోపే గంట దించేస్తామనీ మేయరు ఆఫీసువాళ్లు తేల్చేశారు. అక్కడ పనిచేసే మారియెల్ మనసొప్పక సిడోనీ ఇంటికి కాగితం, కలం పట్టుకొచ్చింది. యాత్రికుల కరపత్రం రాయాలి.

"అందరూ పారిస్‌కి పోతారు, లేదా సముద్రానికి. మన వైపు ఎందుకు రావాలో ఒక్క కారణం చెప్పు పెద్దమ్మా."

"రాసుకో," అన్నాడు గుమ్మంలో బఠాణీలు ఒలుస్తున్న పక్కింటి ఓగుస్త్. "ఇక్కడ మనుషులుండరు. తోసుకోనక్కర్లేదు."

"నీ మొహం చూస్తే వచ్చినవాళ్లూ వెనక్కి పోతారు," అంది సిడోనీ.

మారియెల్ నవ్వింది. "గంట వల్ల బతికినవాళ్లున్నారా? అది రాద్దాం."

ఉన్నారు, తొమ్మిది మంది. రోజూ ప్రార్థనలో సిడోనీ వాళ్లని తలుచుకుంటుంది. కానీ పదో పేరు మింగేసి తొమ్మిదే చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"చివరి మనిషి ఇల్లు చేరేదాకా తాడు వదలకూడదు. అది మా ఆచారం. ఒక మధ్యాహ్నం గొర్రెలకాపరి ఒకడు మంచులోంచి వచ్చి పడ్డాడు. నా వెనక ఎవరూ లేరన్నాడు. సరే అనుకుని తాడు వదిలి వాడికి వేడి చారు పొయ్యడానికి వెళ్లాను. నాకు తెలీకుండా వాడి కోసమే వెతకబోయిన మా తమ్ముడు ఫ్లోరాన్ ఇంకా బయటే ఉన్నాడు. మంచు కరిగాక దొరికాడు. గోపురానికి రెండు వందల అడుగుల్లో, పొలం గోడకి ఆనుకుని."

మారియెల్ కలం పక్కన పెట్టింది. "ఇది రాస్తే ఎవరొస్తారు పెద్దమ్మా?"

"రాయకపోతే అబద్ధమవుతుంది తల్లీ."

వెళ్లేముందు మారియెల్ కాఫీ గిన్నెలు కడిగి బోర్లించింది. పొయ్యి పక్కకి కట్టెలు తెచ్చి పేర్చింది. ఉన్నదున్నట్టే రాసింది కూడా.

వేసవంతా కలిపి ఒక్క జంట వచ్చింది. ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఆవిడ ఫ్లోరాన్ దొరికిన గోడ దగ్గర అడవిపూలు పెట్టింది. అంతే. అక్టోబరులో గంట దించి లారీకెక్కించారు. పనివాళ్లలో ఒకాయన తాడు చుట్టచుట్టి సిడోనీ చేతుల్లో పెట్టాడు.

డిసెంబరులో మధ్యాహ్నం భోజనాల వేళ తుఫాను దిగింది. సిడోనీ పళ్లపాకం కాచే రాగిబాణలి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి గరిటెతో కొట్టసాగింది. ఆ చప్పుడు వాకిలి కూడా దాటలేదు. మంచు మింగేసింది.

ఓగుస్త్ గోడ తడుముకుంటూ వచ్చాడు. "లోపలికి పద సిడోనీ. గడపగడపా అడిగొచ్చా. అందరూ ఇళ్లలోనే ఉన్నారు, బయట ఎవరూ లేరు."

"ఆ రోజూ అదే మాట విన్నాను ఓగుస్తూ."

ఓగుస్త్ తన శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు. చేయి నొప్పెట్టి ఆమె ఆగినప్పుడు గరిటె తను అందుకున్నాడు.