చప్పట్ల పెద్దాయన

మాకు వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని, అంటే మా కఫీల్ ఇంట్లో నేను డ్రైవర్ని. జగిత్యాల నుంచి వచ్చిన పెద్దాయన ఎలుగుబంటికి కాపలా. కువైట్‌లో నలుగురుండే వీధిలో, పెరట్లో బోను కట్టి నల్ల ఎలుగును పెంచుకోవడం మా కఫీల్‌కు గొప్ప. దానికి మేత పెట్టడానికి వెళ్లిన ప్రతిసారీ పెద్దాయన గోడ మలుపులోనే ఆగి మూడు చప్పట్లు కొట్టేవాడు.

"బోన్లో ఉండేదానికి సప్పట్లేంటికి పెద్దాయనా?" అని నవ్వేవాణ్ణి.

"మా ఊర్ల గుట్టకు పోతె గిట్లనే కొడ్తం తమ్మీ. సప్పుడు ఇని ఎలుగే తొవ్వ ఇడుస్తది. మన పానం మనకు, దాని పానం దానికి."

ఈ ఎలుగుకు గుట్ట తెలియదు. దానికి చప్పట్లంటే ఖర్జూరాలు. వినగానే కమ్మీల దగ్గరికి పరుగెత్తుకొచ్చేది.

ఒక సాయంత్రం అది బోనులోంచి తప్పించుకుని కార్ల షెడ్డులో నక్కింది. పక్కింటివాళ్లు పోలీసులను పిలుస్తామని అరిచారు. కఫీల్ తుపాకీ తెచ్చి, పెద్దాయనను ముందుకు తోశాడు.

"యల్లా! చప్పట్లు కొట్టు, బయటికొస్తుంది."

పెద్దాయన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"కొట్టకపోతే ఇద్దరినీ ఈరోజే ఊరికి పంపేస్తా."

"కొట్టు పెద్దాయనా, నా ఇఖామా గూడా పోతాది, ఈడ ఉండనీరు" అన్నాను నేనే.

కొట్టాడు, మూడు. అది వెనక కాళ్ల మీద లేచి, ఖర్జూరాల కోసం నోరు తెరుచుకుని వచ్చింది.

తుపాకీ పేలింది. "ఖలాస్" అన్నాడు కఫీల్.

మేడ మీద నుంచి అతని పిల్లలు సంబరంగా చప్పట్లు కొట్టారు. పెద్దాయన గబుక్కున ఎలుగువైపు తిరిగాడు, లేస్తుందేమోనని.