గుంట నిలబడితే

కాఫీ పళ్ల కాలం ముగిశాక, మార్చి మొదటి వారంలో, కంపెనీవాళ్లు గింజలు ఆరబెట్టే బల్లల పక్కన షామియానా వేసి మీటింగు పెట్టారు. కరోనా వచ్చాక మాకది మొదటి పళ్ల కాలం. "ఈ సీజన్లో మన యూనిట్ పని ఒక్క పూట కూడా ఆగలేదు" అని మేనేజరు మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎవరైనా ఇలాంటి మాట అంటే సరిచూసుకోవడం నాకు అలవాటు. కూర్చున్నచోటే నవంబరు నుంచి లెక్క వేసుకుంటూ వచ్చాను. ఆయన చెప్పింది నిజమే. ఆగలేదు.

అరకు దగ్గర మా యూనిట్‌కు కొండల మీది తోటల నుంచి పళ్లు జీపుల్లో వస్తాయి. మిషను తొక్క తీస్తుంది. జిగురుతో ఉన్న గింజలను సిమెంటు ట్యాంకులో పులియబెడతాం. జిగురు వదలగానే కడిగెయ్యాలి. తొందరపడితే జిగురు మిగిలిపోతుంది, ఆలస్యం చేస్తే గింజ పులుపెక్కుతుంది. ఎప్పుడు కడగాలో తెలియడానికి గింజల్లోకి కర్ర గుచ్చి తీస్తాం. తీసినచోట గుంట పూడిపోతే ఇంకా కాలేదని. గుంట అలాగే నిలబడితే అయిందని. వినడానికి తేలికే. కానీ చలిలో ఒక రకంగా, మబ్బులో ఒక రకంగా నిలబడుతుంది. దాన్ని చూడటం బాగా తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ మా వదినా.

వదిన మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు అరవై దాటినా ఆమె నన్ను గుంటా అనే పిలిచేది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

నవంబరులో విశాఖ నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. రోగం లోపలికి రాకుండా చూడటం, వచ్చినా పని ఆగకుండా చూడటం అతని ఉద్యోగం. అందరినీ నేల మీద గీసిన సున్నాల్లో నిలబెట్టి, "అందరూ దూరం పాటించాలి. దూరం లేకపోతే లోపలికి రానివ్వం" అన్నాడు.

మా ఆడవాళ్లకు దూరమంటే నెలసరి. వదిన చెయ్యెత్తింది.

"బాబూ, మాకా దూరం ఆగిపోయి శానా ఏళ్లయినాది. మరి మమ్మల్ని రానివ్వవేటి?"

ఆడవాళ్లంతా మాస్కుల్లోనే పగలబడి నవ్వారు. అతనికి అర్థం కాలేదు. ఎవరూ చెప్పలేదు.

మమ్మల్ని రెండు బ్యాచ్‌లు చేశాడు. పొద్దుటివాళ్లు వెళ్లిపోయాక గంటసేపు లోపల ఎవరూ ఉండకూడదు. అంతా మందు కొట్టి తుడిచాకే మధ్యాహ్నంవాళ్లు రావాలి. మమ్మల్నిద్దరినీ పిలిచి, "మీరిద్దరూ ఒకేసారి పడిపోతే ట్యాంకు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు. వదినను పొద్దుటి బ్యాచ్‌లో వేశాడు, నన్ను మధ్యాహ్నం బ్యాచ్‌లో. ఒకే ఇంట్లో పడుకుంటే ఈ ఏర్పాటుకు అర్థం లేదు కాబట్టి నాకు గేటు పక్కన గది ఇచ్చారు. భోజనం గదికే వచ్చేది. ఆ ఏర్పాటులో తప్పేమీ నాకు కనిపించలేదు. ఇప్పుడు వెతికినా కనిపించదు.

వదిన పని దిగే ముందు కర్ర గుచ్చి, గుంట అలాగే వదిలి వచ్చేది. గేటు దాటుతూ నా గదివైపు తిరిగి అరిచేది.

"గుంట నిలబడినాదే, గుంటా! బేగి కడిగించు!"

"సర్లే. తిన్నావేటి?"

"ఒక్కదానికోసం ఏటి వండుకుంతాను? గంజి తాగినాను."

మొదటిరోజు ఆఫీసరు పరుగున వచ్చాడు. "ఎవరమ్మా నిలబడింది? అమ్మాయిని కూర్చోమనండి, కుర్చీలున్నాయి కదా." వదిన నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుంది.

డిసెంబరులో వాసన పరీక్ష పెట్టారు. పొద్దున్న గేటు దగ్గర గుంపు కడుతున్నారని, ఇంటికి వెళ్లేటప్పుడు చేసేవారు. వాచ్‌మన్ కాఫీపొడి డబ్బా ముక్కు దగ్గర పెట్టి "వాసనొత్తందా?" అనేవాడు. ఒక్కొక్కరూ మాస్కు దించి, పీల్చి, "వత్తంది" అని వెళ్లిపోయేవారు.

క్రిస్మస్ రోజు నన్ను ఇంటికి పంపుతానని ఆఫీసరు మాటిచ్చాడు. వదిన కోడిపుంజును చూసిపెట్టింది.

ఆ వారంలోనే, మంగళవారం, డబ్బా కడిగి ఎండలో పెట్టారు. వాచ్‌మన్ అందులో పొడి పొయ్యడం మరిచిపోయి అలాగే అందించాడు. ముందున్నామె "ఏటిరా, ఇందులో ఏటీ లేదు, సబ్బు కంపు కొడతంది" అంది. వాడు నాలుక్కరుచుకుని మూత పెట్టబోయాడు. వెనకే ఉన్న వదిన తన వంతు వచ్చిందని ముఖం వంచింది. ఆమెకు చూపు మందం, ముందున్నామె మాట కూడా వినబడినట్టు లేదు. గట్టిగా పీల్చి, "వత్తంది. మంచి వాసన" అంది.

నలుగురు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను నా గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

ఆఫీసరు వచ్చి, మళ్లీ వాసన చూపించి, కుర్చీ దూరంగా వేయించి కూర్చోమన్నాడు. పాడేరు ఆస్పత్రికి బండి పిలిచాడు.

"నానెల్లిపోతే ట్యాంకెవులు సూత్తారు?" అంది వదిన.

"అందుకే కదమ్మా ఆవిడని వేరే బ్యాచ్‌లో పెట్టాం." నావైపు చెయ్యి చూపించాడు.

వదిన నావైపు చూసింది. "అవున్లే" అంది. బండి ఎక్కుతూ, అరవకుండా మామూలు గొంతుతోనే, "గుంట నిలబడినాది" అంది.

రెండింటికి లోపలికి వెళ్లాను. ఆమె చేసిన గుంట అంచులు చెదరకుండా ఉంది. కడిగించాను.

పొద్దుటి బ్యాచ్ మొత్తాన్నీ ఇళ్లకు పంపేశారు. బదులు మనుషుల్ని ముందే చూసిపెట్టారు కాబట్టి మర్నాడు పొద్దున్న పని మామూలుగానే మొదలైంది. రెండు పూటలా ట్యాంకు నా మీద పడింది. ఎవరితోనూ కలవకుండా, లోపల ఎవరూ లేని ఆ గంటలో ఒక్కదాన్నే వెళ్లి చూడమన్నారు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లలేదు. కోడి ఏమైందో అడగలేదు.

వదిన ఆస్పత్రి నుంచి ఫోను చేసేది.

"ఇడ్లీలెడతన్నారే. రుసీ లేదు, పసీ లేదు. సున్నం నమిలినట్టుంది. గుంట నిలబడినాదేటి?"

"నిలబడినాది."

"కడిగించీసినావా?"

"కడిగించీసినాను."

"అయితే సర్లే."

తర్వాత ఆయాసంతో మాట తెగిపోయేది. ఆ తర్వాత ఫోను రాలేదు.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం, ఖాళీ గంటలో నేను ట్యాంకు దగ్గర ఉన్నాను. ఆఫీసరు గుమ్మం దగ్గరి సున్నాలో ఆగాడు. లోపలికి రాలేదు. రాకూడదు. అక్కడినుంచే చెప్పాడు, తెల్లవారుజామున పోయిందని, ఆస్పత్రివాళ్లే పూడ్చిపెడతారని, ఎవరినీ రానివ్వరని. "కూర్చోండమ్మా" అన్నాడు. "ఇవాళ మీరు చూడక్కర్లేదు. ఎలాగో చూసుకుంటాం."

ఎలా చూసుకుంటాడో నాకు తెలియదు. అతనికీ తెలియదు.

కర్ర అప్పటికే గింజల్లో ఉంది. నెమ్మదిగా పైకి తీశాను. గుంట నిలబడింది. కడిగేవాళ్లు వచ్చి నీళ్ల కుళాయి తిప్పడానికి ఇంకా టైముంది. నేనే తిప్పాను.