నానబెట్టని రాజ్మా

ఆ రోజుల్లో ఢిల్లీలో తెలుగు నర్సుల గది ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు, గాలికి ఎదురు నడిస్తే చాలు అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. మా మంచాల కింద ఇంటినుంచి వచ్చిన బిస్కెట్ డబ్బాలు ఉండేవి, వాటిలో బిస్కెట్లు మాత్రం ఉండేవి కావు. ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్ళు ఉండేవి. కలర్ టీవీ ఇంకా మా చుట్టుపక్కల ఎవరింటికీ రాని కాలం. సరోజినీ నగర్‌లో ఒక పంజాబీ గుమాస్తాగారి క్వార్టర్లో వెనక గదిని మేమిద్దరం నర్సులం అద్దెకు తీసుకున్నాం. ఆసుపత్రిలో మమ్మల్ని పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. నాతో ఉండే పిల్ల తెనాలి, నేను బందరు. (ఇప్పటికీ బజార్లో వెనకనుంచి ఎవరైనా "బందరూ" అంటే ఠక్కున తిరిగి చూస్తాను, మా ఆయన పేరు పెట్టి పిలిస్తే మాత్రం వినపడదు.) చేప లేని పూట నాకు ముద్ద దిగేది కాదు. అలాంటిదాన్ని ఒక ఆదివారం సాయంత్రం, నిండు సభలో లేచి నిలబడి, శాకాహారినైపోయాను. తలుచుకుంటే నవ్వూ ఆకలీ రెండూ ఒకేసారి వస్తాయి.

ఢిల్లీలో తెలుగు క్రైస్తవులందరికీ అప్పట్లో ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉండేది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు, "సాక్ష్యం చెప్పేవాళ్ళు చెప్పండమ్మా" అనేవారు. ఆ వారం మా తెనాలి లేచింది. మేమిద్దరం ఆసుపత్రిలో తాత్కాలికపు నర్సులం. పర్మనెంటు పోస్టుల కోసం పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాం. ఉద్యోగం ఖాయమయ్యేదాకా సినిమా చూడనని ప్రభువు ముందు తీర్మానం చేసుకున్నానని తెనాలి చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. అయ్యగారి భార్య, మేము అమ్మగారనే ఆవిడ, కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సినిమాకి తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేక మానేసినదానికి ఇంత ఘనతా అనుకుంటూ నేనూ లేచాను. ఉద్యోగం ఖాయమయ్యేదాకా మాంసం మానేస్తానందామనే లేచాను. మాంసం అనగానే ముందు వరసవాళ్ళు నావైపు తిరిగారు. ఆ ఊపులో చేప కూడా అనేశాను. గదంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందంటే, దాని మీద గుడ్డు కూడా పెట్టేశాను.

అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పింది ఘాజియాబాద్ పెద్దమ్మ. ఆవిడ నాకు బంధువు కాదు, నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఘాజియాబాద్ నుంచి రెండు బస్సులు మారి కూడికకి వచ్చేది. ఎవరు ఏం తీర్మానం చేసుకున్నారో ఆవిడకి కంఠతా ఉండేది. నా భుజం మీద చెయ్యేసి, "మాటిచ్చింది మనుషులకి కాదమ్మాయ్, గుర్తెట్టుకో" అంది.

నేను చదివింది నర్సింగు. ప్రోటీన్ల గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాసినదాన్ని. వార్డులో ప్రతి పేషెంటుకీ పప్పు తినాలి, పాలు తాగాలి అని పాఠం చెప్పేదాన్ని. ఇంటికొచ్చి నేను తినేది మాత్రం బంగాళాదుంప వేపుడు, గోంగూర పచ్చడి, మజ్జిగ. పప్పు వండేదాన్ని గానీ, చేప లేకపోయేసరికి ఆ పప్పు మీద కూడా కోపం వచ్చి రెండు చెంచాలతో సరిపెట్టేదాన్ని. నా ఎండు చేపల డబ్బాని త్యాగబుద్ధితో తెనాలికి అప్పగించాను. అది నా ఎదురుగానే కూర్చుని, "నీ కోసమే తింటన్నానే, పాడైపోద్ది గందా" అంటూ వేయించుకు తినేది. నా యూనిఫాం నడుం దగ్గర పిన్నీసులు పెరిగాయి. అద్దంలో చూసుకుని భక్తి వల్ల ముఖంలో కళ వచ్చిందనుకున్నాను.

ఫలితాలు వచ్చాయి, ఇద్దరం పాసయ్యాం. మిగిలింది మెడికల్ పరీక్ష. తెనాలి వెళ్ళినంత వేగంగా ఫిట్ అనిపించుకుని వచ్చేసింది. నన్ను మాత్రం బెంగాలీ డాక్టరమ్మ బరువు మిషన్ మీదనుంచి దింపి, మళ్ళీ ఎక్కించి, కింది రెప్పలు లాగి చూసి, తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాసింది. వసంతకాలంలో మళ్ళీ రావాలట, అప్పుడూ ఇలాగే ఉంటే నా తర్వాతి అమ్మాయికి పోస్టు ఇచ్చేస్తారట. రోజూ రెండు గుడ్లు తినమంది. మొక్కుబడి ఉందని, తిననని చెప్పాను. దేనికోసం మొక్కావని అడిగింది. ఈ ఉద్యోగం కోసమేనన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలాసేపు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మొక్కు నిలబెట్టుకుంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం నిలబెట్టుకోవాలంటే మొక్కు పోతుంది. బందరులో మా అమ్మ అప్పటికే మా అమ్మాయికి ఢిల్లీలో పర్మనెంటని వీధి వీధంతా చెప్పేసింది.

ఏమైనా వెసులుబాటు ఉందేమోనని పెద్దమ్మని కదిపి చూశాను. గుడ్డొక్కటీ వదిలేస్తే అన్నాను మెల్లిగా. గుడ్డు నిన్నెవరు కలపమన్నారు అని అడిగింది ఆవిడ.

దాంతో పౌరుషం వచ్చింది. గుడ్డు లేకుండానే బరువు పెరిగి చూపిస్తానని బయల్దేరాను, తెనాలి నాకు వంటమనిషీ మంత్రీ. ముందు పాలు. డిపో పాలు గ్లాసు మీద గ్లాసు తాగాను. బరువు సంగతి దేవుడెరుగు, డ్యూటీలో నేను పేషెంట్ల మంచాల దగ్గర కంటే బాత్రూముల దగ్గరే ఎక్కువ కనిపించాను. తరవాత వేరుశనగలు. బస్టాపులో బండి దగ్గర వేడివేడిగా కొనుక్కుని తినడం బాగానే ఉండేది గానీ చలి తగ్గగానే బండివాడు మాయమయ్యాడు. ఆపైన కొత్తగా వచ్చాయని ఎవరో చెప్పిన సోయా వడియాలు. తెనాలి వాటిని అచ్చం మటన్ కూరలా మసాలా దట్టించి వండింది. వాసనకి నా ప్రాణం లేచి వచ్చింది. నోట్లో పెట్టుకున్నాక మాత్రం మా డ్రెస్సింగ్ రూములో దూదిని ఎవరో పులుసులో ముంచినట్టనిపించింది. (ఇప్పుడు అవే నాకిష్టం. నీళ్ళు పిండి వండాలని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.) చివరికి పనీరు తెచ్చి చింతపండు పోసి చేపల పులుసు పెట్టింది. ఆ రోజు మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా కారప్పొడి అన్నం తిన్నాం.

ఇక రాజ్మా. మా వార్డులో పంజాబీ పేషెంట్లు డిశ్చార్జి అయ్యేముందు పిల్లల్ని చూడాలని తరవాత అనేవారు, రాజ్మా చావల్ తినాలని ముందు అనేవారు. అంత బాగుంటుందా అని మార్కెట్లో కొనుక్కొచ్చాం. ఎర్రగా, నున్నగా, మూత్రపిండాల ఆకారంలో ఉన్న గింజల్ని చూసి ఇద్దరం నర్సులం కదా, ముచ్చటపడ్డాం. మన ఇళ్ళలో కందిపప్పు ఎలా వండుతాం? కడిగి ఎసట్లో పడేస్తాం, కాసేపటికి మెత్తబడుతుంది. అలాగే పడేశాం. ఆదివారం టిఫిన్ వేళ కిరసనాయిలు స్టవ్ మీద పెట్టిన గిన్నె మధ్యాహ్నం భోజనాల వేళకి ఉడుకుతూనే ఉంది. తెనాలి గంటె తిప్పితే గులకరాళ్ళు తిప్పినట్టు చప్పుడు. నీళ్ళు పోశాం, మళ్ళీ పోశాం, ప్రార్థన కూడా చేశాం. కూడిక వేళ దగ్గర పడింది. స్టవ్‌లో నూనె అయిపోయింది గానీ గింజ మాత్రం పంతం వదల్లేదు. ఇంక నావల్ల కాదని గడప మీద కూర్చుని ఏడ్చేశాను. అది రాజ్మా కోసం ఏడుపు కాదు. బందరు బస్టాండులో పెట్టెతో దిగుతున్నట్టు, మా అమ్మ వీధి వీధికీ జవాబు చెప్పుకుంటున్నట్టు కళ్ళముందు కనపడి వచ్చిన ఏడుపు.

కిరసనాయిలు వాసనకి ముందు గదుల్లోంచి ఇంటావిడ వచ్చింది. ఆవిడని మేము ఆంటీ అనేవాళ్ళం. బొద్దుగా, గాజుల చప్పుడుతో, ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ ఉండే మనిషి. నన్ను చూసింది, గిన్నె చూసింది. ఒక గింజ తీసి పంటికింద పెట్టి, చెంప పట్టుకుంది.

"రాత్ కో భిగోయా నహీ?" అంది.

రాత్రి నానబెట్టలేదా అని. నానబెట్టాలా అని నేను అడిగాను. ఆంటీ నవ్వలేదు. నా పక్కనే గడప మీద కూర్చుని, సంగతంతా నా వచ్చీరాని హిందీలో విని, లేచి వెళ్ళి వాళ్ళింటి గిన్నె తీసుకొచ్చింది. ఆవిడ పొద్దున వండిన రాజ్మా, పక్కన బాస్మతి అన్నం. మొదటి ముద్ద నాకు ఇప్పటికీ గుర్తుంది. గింజ నాలుక మీద వెన్నలా విడిపోయింది. చిక్కటి ఎర్రటి పులుసు అన్నంలోకి దిగింది. అల్లం, ఉల్లి, టమాటా, అడుగున ఏదో పొగ వాసనలాంటి మసాలా. చేప వదిలేసిన తర్వాత మొదటిసారి నేను కంచం అడుగు నాకాను. సంతోషం పట్టలేక ఆంటీని వాటేసుకున్నాను. కూడికకి ఆలస్యమైంది, పెద్దమ్మ చూపులు తిన్నాను. కడుపు నిండా ఉన్నప్పుడు చూపులు కూడా తేలిగ్గానే అరిగాయి.

ఆ రోజునుంచి నా బతుకంతా పండగే. పొద్దుగూకగానే ఆంటీ కిటికీలోంచి, "బందరూ, భిగో దియా?" అని కేక వేసేది. నేను ఇటునుంచి, "భిగో దియా ఆంటీ" అని కేక వేసేదాన్ని. ఒకరోజు రాజ్మా, ఒకరోజు కాబూలీ శనగలు, ఒకరోజు అలసందలు. పెసలు గుడ్డలో కట్టి మొలకెత్తించి, నిమ్మకాయ పిండుకుని బస్సులో తినేదాన్ని. పనీరుని చిదిమి ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేయించడం నేర్చుకున్నాను. పులుసు పెట్టినందుకు దానికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. ఒకనాడు ఉండబట్టలేక ఉడికిన రాజ్మాలో మన గోంగూర వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టాను. ఆంటీ ఒక చెంచా తిని, కళ్ళలో నీళ్ళు కారుతుండగా గిన్నె ముందుకు చాపి, ఔర్ దే, ఇంకా పెట్టు అంది. ఆ క్షణాన నేను ఢిల్లీని గెలిచాననుకున్నాను. వార్డులో డ్యూటీ మొదలవగానే మిషన్ ఎక్కేదాన్ని. తెనాలి పక్కన నిలబడి, "బూట్లు ఇప్పి ఎక్కవే, దేవుణ్ణి మోసం చెయ్యమాక" అనేది. ముల్లు కదిలింది. పిన్నీసులు ఒక్కొక్కటే ఊడాయి.

రెండో మెడికల్ పరీక్ష చైత్ర నవరాత్రుల్లో అష్టమినాడు పడింది. ఆ రోజు అక్కడ చిన్నపిల్లల్ని దేవి రూపాలుగా కూర్చోబెట్టి కాళ్ళు కడిగి, పూరీ, హల్వా, నల్ల శనగలు పెడతారు. ముందు అమ్మవారికి, అదే మాతాకి, భోగమని నైవేద్యం పెట్టాలి, తరవాతే ఎవరైనా ముట్టాలి. మా పెద్దమ్మ లెక్క వేరు. ముందువారం కూడికలోనే, రాబోయేది పండగ, విగ్రహాల ముందు పెట్టినవి తినకూడదని అందరికీ మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆంటీ ఎలాగూ కంచం పట్టుకొస్తుంది. తింటే పెద్దమ్మకి ఏం చెప్పను, వద్దంటే నన్ను మనిషిని చేసిన ఆంటీ మొహం ఎలా చూడను? తెల్లవారుతూనే ఈ గోడు తెనాలికి చెప్పుకుని, ఏమీ తినకుండా వెనక గేటులోంచి జారుకుందామని చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాను. గేటు దగ్గర ఆంటీ నిలబడి ఉంది. (తెనాలి నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలిసి ఉండాల్సింది.)

చేతిలో స్టీలు గిన్నె, దానిమీద రెండు పూరీలు. గిన్నెలో ఆవిరి కక్కుతున్న నల్ల శనగలు.

"భోగ్ సే పెహలే నికాలా హై, తేరే లియే" అంది ఆంటీ. భోగానికి ముందే నీ కోసం తీశానని. లోపల వాళ్ళత్తగారు గంట పట్టుకుని, ఇంకా ఎంతసేపని గొణుగుతోంది. ఆంటీ అటు తిరగనైనా తిరగలేదు.

"మాతా తో ఘర్ కీ హై, దో మినిట్ రుక్ జాయేగీ. తేరీ డాక్టర్ నహీ రుకేగీ. ఖా."

మాతా ఇంటిమనిషేగా, రెండు నిమిషాలు ఆగుతుంది, నీ డాక్టరు ఆగదు, తిను అని. ఆవిడ పద్ధతిలో అది ఎంత పెద్ద తప్పో అన్ని నెలలు వాళ్ళింట్లో ఉన్నదానికి నాకు తెలుసు. గేటు దగ్గరే నిలబడి తిన్నాను. మామిడి పొడి పులుపు, పచ్చిమిర్చి, అల్లం. ఎర్ర చున్నీలు కట్టుకుని వరండాలో బారుగా కూర్చున్న చిన్నపిల్లలు ఆకలిగా నన్నే చూస్తున్నారు. వాళ్ళలో ఒకతి, ఈ దీదీ కూడా కంజకేనా అని అడిగింది. కంజక్ అంటే ఆ రోజు కాళ్ళు కడిగించుకునే దేవి పిల్ల.

"హా, యే భీ" అంది ఆంటీ.

నోటినిండా పూరీ పెట్టుకుని ఏడవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

డాక్టరమ్మ నన్ను మిషన్ ఎక్కించి, దింపి, రెప్పలు లాగి చూసి, మొత్తానికి గుడ్లు తిన్నావన్నమాట అంది. లేదు, రాజ్మా అన్నాను. ఫిట్ అని రాసింది. బస్సు కోసం కూడా ఆగకుండా పరుగు పరుగున ఇంటికొచ్చి, మొక్కు తీరింది, డబ్బా తియ్యమని తెనాలికి చెప్పాను. తెనాలి నేల చూపులు చూసింది. మంచం కిందనుంచి డబ్బా లాగితే వాసన మాత్రమే మిగిలింది. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆ సాయంత్రం మామూలుగానే కిటికీలోంచి కేక వినపడింది, మామూలుగానే నానబోశాను. ఆదివారం కృతజ్ఞత కూడికకి గోంగూర రాజ్మా పట్టుకెళ్తే ఘాజియాబాద్ పెద్దమ్మ మూడుసార్లు వడ్డించుకుని, "మాట మీద నిలబడితే వంట కూడా వస్తదమ్మాయ్" అంది.

ఇప్పుడు మేము వసంత్ కుంజ్‌లో ఉంటున్నాం. చేప అప్పుడప్పుడూ తింటాను, పర్వాలేదనిపిస్తుంది. రోజూ సాయంత్రమైతే మాత్రం చెయ్యి దానంతటదే ఏదో ఒక గింజ నానబోస్తుంది. మా మేడమీద గదిలో కర్నూలు పిల్ల ఒకతి సివిల్స్‌కి చదువుతోంది, నూడిల్స్ తప్ప ఏమీ తినదు, పిన్నీసులతో తిరుగుతోంది. ఆదివారం భోజనాల బల్ల దగ్గర అందరూ ప్రార్థనకి కళ్ళు మూసుకునే ముందు నేను ఆ పిల్లకి ఒక గిన్నె తీసి పక్కన పెడతాను. మొన్న మా ఆయన ఒక కన్ను తెరిచి, "ప్రార్థన కాలేదుగా, అప్పుడే వడ్డనేంటి?" అన్నారు.

ఆయన ఇంట్లోవాడేగా, రెండు నిమిషాలు ఆగుతాడు అన్నాను. మా ఆయన తన గురించే అన్నాననుకుని ఆగారు. గిన్నె మీద మూత పెట్టి మెట్లెక్కుతుంటే, గేటు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆ బందరు పిల్ల గుర్తొచ్చి, మోకాళ్ళ నొప్పుల్లోనూ నాకు నవ్వొచ్చింది.